ఆదివారం తీస్తానన్న ఫోటో

శనివారం పొద్దున్న స్టూడియో బాబాయిగారు పోయారని పాలావిడ చెప్పింది. "నీకెవరు చెప్పేరు?" అని ఆవిణ్ణి కసిరాను. గురువారమే కదా, అమలాపురం బజారులో నన్ను ఆపి, "పదేళ్లయిందమ్మాయ్ నిన్ను తీసి. ఆదివారం రా, నీ మొహం మళ్లీ ఓసారి చూడాలి" అన్నారు. వస్తానన్నాను. తెల్లవారుజామున లేచి మంచినీళ్లు అడిగారట, తెచ్చేలోగా అయిపోయిందట. నేనింకా నమ్మలేకుండానే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు, మా పుట్టింటి పక్కవారు. ముందుగదే స్టూడియో. రైతులు, పంతుళ్లు, చర్చిలో పెళ్లయి తిన్నగా వచ్చిన జంటలు, ఎవరైనా సరే ఆ కుర్చీలో కూర్చోగానే కొయ్యబారిపోయేవారు. ఆయన కెమెరా జోలికి పోకుండా, "గేదె ఈనిందాండీ?" అని మొదలుపెట్టేవారు. "ఆయ్, పెయ్యదూడండి" అని కుర్చీలోని రైతు మురిసిపోయి మాట ఆపగానే ఈయన కెమెరా మూత తీసి, మూడు లెక్కపెట్టి, మళ్లీ పెట్టేసేవారు. నవ్వమని ఎవరికీ చెప్పేవారు కాదు. "మొహం వాళ్లది. మనం ఇలా ఉండమనకూడదు" అనేవారు.

ఆ బుద్ధి ఆయనకి నావల్లే వచ్చింది.

చిన్నప్పుడు అమ్మవారు పోసి నా మొహమంతా గుంటలు పడ్డాయి. యుద్ధం ముగిసిన ఏడాది, సంబంధాల కోసం నాన్నగారు ఫోటో తీయించారు. బాబాయిగారు ప్రేమకొద్దీ, నెగెటివు మీద సన్న పెన్సిలుతో ఒక్కొక్క గుంటా పూడ్చేశారు. అది చూసి మామిడికుదురు నుంచి పెళ్లివారు వచ్చారు. కాఫీలు తాగారు. ఎదురుగా చాప మీద కూర్చున్న నన్ను చూస్తూనే పెళ్లికొడుకు తల్లి, "ఇహ అమ్మాయిని పిలవండి" అంది. ఇదే మా అమ్మాయండీ అన్నారు నాన్నగారు.

ఆ సాయంత్రం బాబాయిగారు మా గుమ్మంలో నిలబడ్డారు. రమ్మన్నా లోపలికి రాలేదు. "తప్పు నాదేనమ్మా. నిన్నడక్కుండా నీ మొహం దిద్దేను" అన్నారు. అంత పెద్దమనిషి ఆడపిల్ల ముందు తలవంచడం నేను మరెక్కడా చూడలేదు. అయినా తలుపు వేసేసుకున్నాను. వారం రోజులు మాట్లాడలేదు. నా కోపం అలాంటిది.

ఫోటో తీసే గాజు ప్లేట్లు సరిగా దొరకని రోజులవి. అయినా నామీద ఇంకొకటి ఖర్చుపెట్టారు. కిటికీ పక్కకి తిప్పి కూర్చోబెట్టి, ఒక్క గుంటా దాగకుండా తీశారు. చూసి ఏడ్చాను. తరవాత రోజూ చూసుకున్నాను. రెండేళ్లకి ఆ ఫోటో చేత్తో పట్టుకుని కొత్తపేట నుంచి ఒకాయన వచ్చారు. వీధిగుమ్మంలోనే నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. ఆయనే మా ఆయన. ఆ తరవాత బాబాయిగారు ఎవర్ని తీసినా, "మచ్చ ఉంచమంటారాండీ, తియ్యమంటారాండీ?" అని అడిగాకే పెన్సిలు ముట్టుకున్నారు.

ఆదివారం వెళ్లాను. వెళ్లకుండా ఎలా ఉంటాను? పిన్నిగారు ఏడుపు ఆపుకుని లోపలినుంచి నల్లటి పలచటి చెక్కపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకోసమని శుక్రవారమే ప్లేటు ఎక్కించి ఉంచేరమ్మా. ఇంకెవరిచేతనైనా తీయించుకో" అన్నారు. నా మొహాన్ని అలా చూసేవారు ఇంకెవరున్నారు?

ఇంటికి తెచ్చి బట్టల పెట్టెలో, చీరల అడుగున పెట్టాను. మా అమ్మాయికి ఆరేళ్లు. అందులో ఎవరున్నారని పొద్దుటినుంచీ అడుగుతోంది.

"ఎవరూ లేరమ్మా. వెలుతురు తగులుతుంది, తెరవకు" అన్నాను.