డ్రైవు ఆపాక పది నిమిషాలు

మా షెడ్డులో పనిచేసే మరియమ్మ లేతు ఆన్ చేసినప్పుడల్లా ముందు సన్నటి ఈల వినిపిస్తుంది. లేతు మోటారుకు కరెంటు ఇచ్చే, గోడకు బిగించిన డ్రైవు పెట్టెలోంచి వస్తుందది. ఆ వెనకే మోటారు తిరుగుతుంది. ఆ ఈల చెవిన పడితే నాకు సాంబయ్య గారు గుర్తొస్తారు. ఆయన గురించి ఎప్పుడో రాయవలసింది. కానీ ఆయన పోయేనాటికి నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు గానీ, మనసులో ఉన్నదాన్ని వరసగా కాగితం మీద పెట్టడం రాదు. ఒక్క వాక్యానికి ఒక పూట పట్టేది. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి మొదటిది ఎందుకు రాశానో మరిచిపోయేదాన్ని. నలభై దాటాక మొదలుపెట్టిన చదువు మరి.

మాది గుణదల. నా భర్త ఆటోనగర్‌లో లేతు మీద ఇనుము చెక్కే టర్నరు. యజమాని పక్కన పడేసిన పాత లేతును కొని, ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు. దాన్ని తిప్పకుండానే గుండెపోటుతో పోయాడు. అంతకుముందు ఆటోనగర్‌లో ఆయన పక్కన నిలబడి నేను పని నేర్చుకున్నాను. పంపుసెట్ల ఇరుసులకు తొడిగే బుష్‌లు తిప్పగలను. అయితే ఆ మోటారుకు మూడు ఫేజుల కరెంటు కావాలి. మా సందులో ఉన్నది ఒక్క ఫేజే. పాత ఇనుముకు అమ్మేయమన్నారు అందరూ. అమ్మితే నాకు మిగిలేది నలుగురిళ్లలో అంట్లు తోమడం. అప్పుడు ఎవరో సాంబయ్య గారి పేరు చెప్పారు. ఉయ్యూరు చెరకు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయిన పెద్దాయన.

గుడ్డసంచి భుజాన వేసుకుని బస్సులో వచ్చారు. మోటారు మూత విప్పి చూసి, "మీ ఆయన మంచి లేతే కొన్నాడమ్మాయ్. దీన్ని అమ్మేయమన్న మహానుభావుల్ని నా దగ్గరికి పంపు" అన్నారు. మరుసటి వారం డ్రైవు తెచ్చారు. చెప్పుల పెట్టెకంటే కాస్త చిన్నది.

"ఇదేం చేస్తుంది బాబాయి గారూ?"

"మీ పుట్టిల్లెక్కడ?"

"పామర్రు దగ్గరండి."

"అయితే నాకు తేలికే. కాలవలో వచ్చే నీళ్లు మూడు బోదెలకు వంతులేసి వదులుతారు కదా. ఇదీ అంతే. ఇంట్లో కరెంటు తీసుకుని మూడు తీగలకు వంతులేస్తుంది. వంతులు ఎంత త్వరగా మారితే మోటారు అంత జోరు."

మోటారు లోపలి కనెక్షన్లు ఈ డ్రైవుకు తగ్గట్టు మార్చారు. ఎర్తు తీగ బిగించి రెండుసార్లు లాగి చూశారు. తర్వాత మూత లోపలి వైపు ఒక కాగితం అంటించారు. "లాకులు దించినా బోదెలో నీళ్లు కాసేపు ఉంటాయి. మెయిను ఆపినా ఈ పెట్టెలో కరెంటు అలాగే ఉంటుంది. పది నిమిషాలు ఆగాకే లోపల చెయ్యి పెట్టాలి. అన్నీ ఇందులో రాశాను. ఏదీ, ఒకసారి చదువు" అన్నారు.

కాగితం మీద వేలు జరుపుతూ, ఆయన చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను. శభాష్ అన్నారు. ఆ మాటకు నా ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది. అయినా నిజం చెప్పలేదు.

రెండేళ్లు లేతు బాగా నడిచింది. ఒక వానాకాలం రేకు కారి, నీళ్లు డ్రైవు పక్కనే పడుతుంటే, దాన్ని ఎదురు గోడకు మార్చాలనుకున్నాను. సాంబయ్య గారు జ్వరంతో ఉన్నారు. ఎడమవైపు కరెంటు వచ్చే తీగలు, కుడివైపు మోటారుకు వెళ్లేవి. నాకున్న గుర్తు అదే. మెయిను ఆపి, పది నిమిషాలు ఆగి, తీగలు విప్పాను. పెట్టెను కొత్త చోట బిగించి మళ్లీ తీగలు పెట్టాను. బిగించేటప్పుడు అది తలకిందులయింది. ఎడమ కుడయింది, కుడి ఎడమయింది. తీగలు పెట్టే ప్రతి స్క్రూ కింద ఒక అక్షరం ఉంది. అవి నాకు చీమల బారులాగే కనిపించాయి. మెయిను వేశాను. ఢామ్మని పేలి, షెడ్డంతా పొగ కమ్మేసింది.

నాలుగో రోజున ఆయన వచ్చారు. కాలిన పెట్టెను చూశారు, కాగితాన్ని చూశారు, నన్ను చూశారు.

"కాగితం తలకిందులుగా కనపడలేదా అమ్మాయ్?"

"కనపడినా నాకు తెలియదండి. చదవడం రాదు."

"మరి ఆవేళ చదివి వినిపించావే?"

"మీరు చెప్పిందే అప్పజెప్పానండి."

కోప్పడతారనుకున్నాను. ఆయన పీట మీద కూలబడిపోయారు. "రెండేళ్లు నిన్ను చావు పక్కన నిలబెట్టి, నేను ఇంట్లో నిశ్చింతగా పడుకున్నానన్నమాట. చదవడం వచ్చా అని అడగకుండా కాగితం చేతికిచ్చాను. తప్పు నాది" అన్నారు.

ఎక్కడో మూలపడిన పాత డ్రైవు ఒకటి బాగుచేసి తెచ్చారు. తెచ్చారు గానీ బిగించలేదు. "దీన్ని నువ్వే బిగిస్తావు. దీని మీద ఏముందో చదివాక."

పామర్రులో పంపులు బాగుచేసే ఆయన బుష్‌ల కోసం రెండుసార్లు వచ్చి, ఉత్త చేతులతో వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. "నా కడుపు మాడ్చి చదువు చెబుతారా బాబాయి గారూ?"

"మాడనీ. తిట్టుకో. ముందు ఇది ఏ అక్షరమో చెప్పి తిట్టుకో."

వారానికి మూడు రోజులు ఉయ్యూరు నుంచి వచ్చేవారు. అఆలకంటే ముందు ఆ స్క్రూల కింది ఇంగ్లీషు అక్షరాలే నేర్చుకున్నాను. తర్వాత, ఆయన కాగితం చదవడానికి తెలుగు. సుద్దముక్కతో లేతు పొడవాటి ఇనుప బెడ్డు మీద రాసేవారు. నూనె మరకల మీద అక్షరం సరిగ్గా పడక, ఒక్కోటి నాలుగేసి సార్లు దిద్దేదాన్ని. రెండు నెలలకు ఆ డ్రైవు నేనే బిగించాను. ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క తీగ ముట్టుకోలేదు. మెయిను వేసేటప్పుడు మాత్రం లేచి నా పక్కన నిలబడ్డారు. ఈల మొదలైంది, లేతు చక్కు తిరిగింది. "ఇక నేను పడుకోవచ్చు" అన్నారు.

కొన్నేళ్లకు ఆయన పోయారని కబురొచ్చింది. ఉయ్యూరు వెళ్లి చూసి వచ్చాను. అప్పటికి వారం రోజులుగా మా సందులోని మరియమ్మ నా దగ్గర పనికి వస్తోంది. నా ఈడుదే. మొదటి రోజే ఆమెకు డ్రైవు చూపించి, అందులోని కాగితం చూసుకోమన్నాను. సరేనంది. నేనూ సరేననుకున్నాను.

ఉయ్యూరు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున షెడ్డు తెరిచి, మెయిను ఆపి, ఆమెను పిలిచాను.

"మరియమ్మా, నీకు చదవడం వచ్చా?"

ఆమె తల వంచుకుని కొంగు వేలికి చుట్టుకుంది. మూత తెరవడానికి ఇంకా పది నిమిషాలుంది. పీట ఆమె ముందుకు జరిపి, సుద్దముక్క తీసుకుని, లేతు బెడ్డు మీద మొదటి అక్షరం రాశాను.