తోళ్ల గోదాములో ముక్కు కడిగిన రోజు

తోళ్ల గోదాములో వాసన మామ ఒక్క తుమ్ముతో ముగ్గురిని మట్టి కరిపించాడు. సరే, ముగ్గురు కాదు, ఇద్దరే. తుమ్ముతో కూడా కాదు, చేతులతో. కానీ తుమ్ము మాత్రం అబద్ధం కాదు.

పచ్చితోలును దగ్గరకు లాక్కుని, ఒక్కసారి పీల్చి, లోపల కుళ్లు మొదలైందో లేదో చెప్పడం అతని పని. ఇరవై ఏళ్లుగా అక్కడ ఆ ముక్కు చెప్పిందే తీర్పు. అలాంటి ముక్కు మూడు నెలలుగా దిబ్బడ వేసి కూర్చుంది. నుదుటి వెనక ఎవరో ఉలి పెట్టి చెక్కుతున్నట్టు నొప్పి. కుళ్లిన కట్టలు రెండు అతని చేతిమీదుగానే దాటిపోయాక యజమాని గడువు పెట్టాడు. శనివారం సరుకు దిగేలోగా ముక్కు పనిచెయ్యకపోతే, మామ కూర్చుని తోళ్లు వాసన చూసే స్టూలు మీద, అక్కడే ఉప్పు చల్లే అతని బావమరిది కూర్చుంటాడు.

ఉప్పునీటితో ముక్కు కడుక్కోమంది డాక్టరమ్మ. కాచి చల్లార్చిన నీళ్లు, కొలిచి వేసిన మెత్తటి ఉప్పు అని ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మామ ఉప్పు దాకా విని లేచాడు. ఉప్పుగుట్టల మధ్య బతికేవాడికి ఉప్పు సంగతి ఇంకొకరు చెప్పాలా? ఆ మధ్యాహ్నమే, తోళ్లకు చల్లే రాళ్ల ఉప్పు రెండు గుప్పిళ్లు మగ్గులో కలిపి, తొట్టి మీదకు వంగి, ముక్కులో గుమ్మరించాడు.

పుర్రెలో నిప్పు రాజుకుంది. గోడకు తల బాదుకున్నాడు. తొట్టిని ఒక్క తన్ను తన్నితే కుళాయి ఊడి నీళ్లు పైకప్పుకి ఎగజిమ్మాయి.

"ఏం బావా, నిన్ను నువ్వే ఊరేసుకుంటున్నావా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ బావమరిది.

మామ పిడికిలి అతని దవడ మీద పడింది. బావమరిది ఉప్పు పార ఎత్తి వీపు మీద బాదాడు. ఇద్దరూ కలబడి ఉప్పుగుట్ట మీద దొర్లారు. చిట్లిన పెదవుల్లో, చెక్కుకుపోయిన మోచేతుల్లో ఉప్పు దిగేకొద్దీ దెబ్బల జోరు పెరిగింది. మామ అతని చెవి కొరికాడు. బావమరిది మామ మోకాలి చిప్ప మీద తన్నాడు.

"నా స్టూలు కావాలట్రా నీకు?"

"నీ ముక్కు చచ్చింది బావా. ఒప్పేసుకో."

విడదీయబోయిన యజమానికి మామ విసిరిన తడితోలు మొహాన తగిలింది, వెల్లకిలా పడ్డాడు. అప్పుడొచ్చింది తుమ్ము. బావమరిది చొక్కా నిండా చీమూ నెత్తురూ.

సాయంత్రం మామ భార్య మొగుణ్నీ తమ్ముణ్నీ వంటింట్లో నిలబెట్టింది. నీళ్లు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాతో ఉప్పు కొలిచింది.

"ఒరేయ్, మీ బావ మెడ వంచి పట్టుకో. ఏవండీ, నోటితో ఊపిరి తీసుకోండి. నోరు మాత్రం విప్పి తిట్టకండి."

"ఇంకొంచెం వంచనా అక్కా?" అన్నాడు తమ్ముడు ఆశగా.

నీళ్లు ఈ ముక్కులోంచి వెళ్లి ఆ ముక్కులోంచి కారాయి. మంట లేదు. శనివారం దాకా రోజూ, పూటకొకసారి, అదే పట్టు, అదే చెంచా.

శనివారం మామ, కొట్లాటలో వాచిన కన్ను ఇంకా తగ్గకుండానే వచ్చాడు. మొదటి కట్టలోంచి ఒక తోలు లాగి పీల్చాడు. "ఇది పోయింది," అన్నాడు. యజమాని కత్తితో చీల్చి చూస్తే లోపలి పొర ఆకుపచ్చగా ఉంది. బావమరిది పార తీసుకుని ఉప్పు చల్లడానికి వెళ్లాడు.

ఆ సంగతి ఎవరు అడిగినా మామ తోలు మీంచి తల ఎత్తడు.

"కొట్లాటా? మా బావమరిది మీద నేనెప్పుడూ చెయ్యి ఎత్తలేదు. నాకసలు జలుబే రాదు."