మిసావో మానేసిన మూడు గింజలు

జపాన్‌లోని మితో పట్నంలో నకా నది వైపు దిగే సందులో మిసావో నత్తో దుకాణం ఉంది. దారి ఎవరినీ అడగక్కర్లేదు, సందు మొదట్లోనే ముక్కు చెప్పేస్తుంది. చిన్న సోయా గింజల్ని నానబెట్టి, ఉడికించి, ఎండుగడ్డి పొత్తుల్లో కట్టి, వెచ్చని గదిలో జిగురు తీగలు సాగేదాకా పులియబెడితే అది నత్తో. పొగలు కక్కే అన్నం మీద ఇంత నత్తో, ఇంత ఆవముద్ద, నాలుగు ఉల్లికాడ ముక్కలు లేకుండా మితోలో తెల్లవారదు. బయటి ఊళ్ళవాళ్ళు ముక్కు మూసుకుంటే మూసుకోనీ. ఇంగువ వాసనకు ముక్కు మూసుకునే జనం మాత్రం లోకంలో లేరా?

ఆ దుకాణంలో ఒక ఆచారం ఉంది. పొద్దున్నే వెచ్చని గది తలుపు తీశాక ఇంటి పెద్దావిడ ఒక పొత్తు విప్పి, మూడు గింజలు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని నములుతుంది. తల ఊపితే సరుకు అమ్మకానికి వెళ్తుంది. లేకపోతే ఆవిడే వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, వరసలో నిలబడ్డవాళ్ళకు నడుం వంచి దండం పెట్టి, “ఇవాళ లేదు. నాకు నచ్చలేదు” అంటుంది. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగరు. ఆ మాటే ఆ దుకాణానికి ఉన్న పరువు.

మిసావో ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు ఆమె చేత ఏళ్ళ తరబడి గడ్డి కడిగించింది, గింజలు ఏరించింది, కానీ ఆ మూడు గింజల జోలికి మాత్రం రానివ్వలేదు. ఒక చలికాలం పొద్దున అత్తగారే పొత్తు విప్పి, చాప్‌స్టిక్స్ ఆమె చేతికిచ్చి పక్కకు జరిగింది. యావదాస్తి రాసిచ్చినా మిసావో అంత సంబరపడేది కాదు. అప్పటినుంచి ఆమె నాలుకే ఆ సందుకు తీర్పు. మొగుడు పోయినా, జుట్టు నెరిసినా, ఆ తీర్పుకు తిరుగు లేదు. దాని గురించి ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది. కాస్త అని మర్యాదకు అంటున్నాను, చాలానే ఉండేది.

చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె గుండెలో ఒక వాల్వును పాడుచేసి పోయిందని అరవై దాటాకగానీ తెలియలేదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. చివరికి గుండె కోసి లోహపు వాల్వు పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్ళూ రోజూ ఒక మాత్ర వేసుకోవాలన్నారు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళు నత్తో ముట్టకూడదని కూడా చెప్పారు. మిసావో బుద్ధిగా తల ఊపింది. ఇంటికొచ్చిన మర్నాడు వెచ్చని గది తలుపు తీసి, పొత్తు విప్పి, మూడు గింజలు నోట్లో వేసుకుంది.

అబద్ధం చెప్పాలని కాదు. తినొద్దన్నారు, తాను తినడం లేదు కదా! రుచి చూడటం వేరు, తినడం వేరు. ఇక ఆమె వేసుకున్న లెక్క ఇంకా గొప్పది. నత్తో రక్తాన్ని పలచబరుస్తుందని, గుండెకు మంచిదని మితోలో పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. మాత్ర చేసే పనీ అదే. రెండూ కలిస్తే రక్తం మరీ నీళ్ళైపోతుందని డాక్టర్లు భయపడుతున్నారు కాబోలు అనుకుంది. అందుకని రుచి చూసిన రోజున మాత్రను సగానికి విరిచి వేసుకునేది. రెండు పడవలనూ సమంగా నడుపుతున్నానని ఆమె ధీమా.

ఆసుపత్రిలో గుండె డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి ప్రతిసారీ తల గోక్కునేది. ఎంత మందు ఇచ్చినా రక్తం ఉండాల్సినంత పలచగా ఉండటం లేదు. నత్తో తింటున్నారా అని అడిగితే మిసావో నిక్షేపంగా లేదనేది. డాక్టరమ్మ మోతాదు పెంచేది, ఈవిడ ఇంటికొచ్చి దాన్ని విరిచేది.

ఒక పొద్దున దుకాణంలో గడ్డి పొత్తు కడుతూ ఉండగా మిసావో చేతిలోంచి తాడు జారిపోయింది. వంగి తీయబోతే కుడిచెయ్యి తనది కాదన్నట్టు వేలాడింది. కోడలు కనాయెను పిలవాలని నోరు తెరిస్తే మాట మెలికపడి ఏదో మూలుగు వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

వాల్వు దగ్గర కట్టిన రక్తపు గడ్డ మెదడుకు ఎక్కిందట. సమయానికి ఆసుపత్రికి తీసుకెళ్ళారు కాబట్టి బతికింది. మాట తిరిగి వచ్చింది, చెయ్యి తిరిగి వచ్చింది, కుడిచేతి చిటికెనవేలు మాత్రం మొద్దుబారి ఉండిపోయింది. మంచం మీద ఉండగానే మిసావో తన లెక్కంతా డాక్టరమ్మకు చెప్పేసింది. డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

“మిసావోగారూ, రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. మీ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. నత్తో నిండా ఉన్నది ఆ విటమినే. పైగా నత్తోని పులియబెట్టే క్రిమి మీ కడుపులో చేరి, రోజుల తరబడి దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. అందుకే మూడు గింజలైనా లెక్కే. మీరు మాత్రకి తోడు తెచ్చుకోలేదు, శత్రువుని తెచ్చుకున్నారు. ఆపైన మాత్రని కూడా విరిచారు.”

“మరి నత్తో గడ్డల్ని కరిగిస్తుందంటారే?”

“అందులో ఉన్న ఒక పదార్థం గాజుగిన్నెలో కరిగించింది, నిజమే. గాజుగిన్నెకి లోహపు వాల్వు లేదు. మీకుంది.”

వేరే మందు మార్చమని మిసావో బతిమాలింది. లోహపు వాల్వుకు ఈ మాత్ర తప్ప గతి లేదని తేలిపోయింది. నత్తో కావాలో, ప్రాణం కావాలో తేల్చుకోవాలి. ఇంటికొచ్చి వెచ్చని గదిలో తలుపేసుకుని ఏడ్చింది. చావుకు భయపడి కాదు. తన నాలుక లేకుండా ఆ దుకాణం ఏమైపోతుందోనని, తన నాలుక లేకపోతే తానెవరోనని ఏడ్చింది.

కొడుకు తెత్సుయా నాలుక ఎందుకూ పనికిరాదు. సిగరెట్ల పొగకు అదెప్పుడో మొద్దుబారిపోయింది. ఏది పెట్టినా లొట్టలేస్తాడు. కోడలు కనాయెది ఒసాకా. అక్కడివాళ్ళు నత్తో పేరెత్తితేనే మొహం తిప్పుకుంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో కనాయె ఆ సందులోకి రాగానే కొంగు దొరక్క కోటు అంచుతో ముక్కు మూసుకుందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. దుకాణం పనులన్నీ చక్కగా చేస్తుంది, పొద్దున మాత్రం మేడ మీద కూర్చుని రొట్టె తింటుంది.

ఇలా దారీతెన్నూ లేక ఉన్నప్పుడు మరిది గెన్‌పేయ్ వచ్చాడు. ఆరోగ్యానికని పొడులు, గుళికలు అమ్ముతుంటాడు. మాటల్లో తేనె చిలుకుతుంది. నత్తో నుంచి తీసిన గుళికల డబ్బా ఒకటి వదిన ముందు పెట్టాడు.

“చెడ్డదంతా తీసేశారు వదినా, ఇందులో మంచి మాత్రమే ఉంది. అంతా సహజం, మన గింజలోదే. ఆ ఆసుపత్రి మాత్ర పారేసి ఇది వేసుకో. రుచి కూడా ఎప్పట్లాగే చూసుకోవచ్చు. అట్ట మీద నీ బొమ్మ వేస్తాం, నీకూ వాటా ఉంటుంది.”

చివరి మాటలు మిసావో వినలేదు. ‘రుచి ఎప్పట్లాగే’ అన్న దగ్గరే ఆమె ప్రాణం లేచివచ్చింది. డబ్బా మూత కూడా తీసింది. అయితే ఒకసారి అడుసు తొక్కిన కాలు కదా, ఈసారి ఆగింది. మూత పెట్టేసి, డబ్బాను గుడ్డలో చుట్టుకుని బస్సెక్కింది.

డాక్టరమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ విటమిన్ తీసేశామని రాశారు, ఎంత తీశారో తనకు తెలియదంది. మిగిలి ఉంటే మళ్ళీ గడ్డ కట్టవచ్చు. పూర్తిగా పోయి ఉంటే, మిగిలిన పదార్థం మాత్రతో చేయి కలిపి ఎక్కడో నెత్తురు కారడం మొదలై ఆగకపోవచ్చు. ఈ రెండూ కలిసి ఆ వాల్వు దగ్గర ఏం చేస్తాయో కొలిచి చూసినవాళ్ళు లేరంది. మాత్ర మానేస్తే మాత్రం ఏమవుతుందో తెలుసు, అది మిసావో చిటికెనవేలుకు కూడా తెలుసు.

గెన్‌పేయ్ మళ్ళీ వచ్చినప్పుడు మిసావో డబ్బాను రెండు చేతులతో మర్యాదగా వెనక్కిచ్చింది.

“సహజమైందే నన్ను మంచాన పడేసింది గెన్‌పేయ్. నీ గుళికలు ఇంకెవరికైనా మంచి చేస్తే చెయ్యనీ, నాకొద్దు. నా బొమ్మ అసలే వద్దు. నా బొమ్మ చూసి కొనేది నాలాంటి గుండెలున్నవాళ్ళే.”

“వ్యాపారం చెడగొట్టుకుంటున్నావు వదినా.”

“చెడనీ.”

అన్నదే చేసింది కూడా. ఆ రోజునుంచి దుకాణంలో వయసు మళ్ళినవాళ్ళు ఎవరొచ్చినా, పొత్తు చేతికిచ్చే ముందు ఏం మాత్రలు వేసుకుంటున్నారని అడగడం మొదలుపెట్టింది. రైలు నడిపి రిటైరైన నెమొతో అనే ముసలాయన వేసుకునేది తన మాత్రేనని తేలితే, పొత్తు వెనక్కి లాక్కుని, ఊరవేసిన ఉమె అనే పుల్లటి పళ్ళ సీసా చేతిలో పెట్టి పంపింది. ఆయన చాన్నాళ్ళు అలిగి మొహం తిప్పుకు తిరిగాడు. తిరిగితే తిరగనీ, తిరగడానికి మనిషున్నాడు అంది మిసావో.

ఇక మిగిలింది నాలుక. అన్నాళ్ళూ తీగ, వాసన చూసే సరుకు పంపుతోంది. ఒక సాయంత్రం గిన్నెలు తుడుస్తూ కనాయె నెమ్మదిగా అంది, “రుచి నేను చూస్తాను అత్తయ్యా.”

మిసావో నవ్వింది. ఎగతాళి కూడా చేసింది, ముందు ముక్కు మీద చెయ్యి తియ్యమంది. కనాయె తుడిచే గిన్నె పక్కన పెట్టింది.

“ఇష్టమున్నవాళ్ళకి అన్నీ బాగానే ఉంటాయి. మీ అబ్బాయిని చూడండి. నాకిష్టం లేదు కాబట్టే ఏ కాస్త తేడా వచ్చినా ముందు నాకే దొరుకుతుంది. మీరు నేర్పండి, నేను నేర్చుకుంటాను. మీరు పోయాక నేర్పడానికి ఎవరున్నారు?”

 మర్నాటినుంచి చదువు మొదలైంది. కనాయె మింగలేక కక్కలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేది, అయినా నమిలేది. తీగ ఎంత సాగాలి, కలుపుతుంటే చప్పుడు ఎలా ఉండాలి, వాసన ఎక్కడ ఘాటెక్కితే పాడైనట్టు, ఇవన్నీ మిసావో కంటితో, చెవితో, ముక్కుతో చూపించేది. రుచి దగ్గరికొచ్చేసరికి మాటలు వెతుక్కునేది. తన నోరు ఊరుతుంటే కోడలి నోటివైపు చూస్తూ కూర్చోవడం ఆమెకు నరకమే. కడుపులో అసూయ కూడా మండేది. అయినా ఒక్క పొద్దు మానలేదు. ఆ ఇద్దరి మొండితనాల్లో ఏది పెద్దదో తేల్చడం కష్టం.

ఉమె పూలు పూసే రోజులొచ్చాయి. అప్పుడు మితోకు జనం విరగబడి వస్తారు, దుకాణం ముందు వరస సందు చివరిదాకా ఉంటుంది. ఆ పొద్దున పొత్తు విప్పి చూసి మిసావో తృప్తి పడింది. తీగ బాగుంది, వాసన బాగుంది. కనాయె మూడు గింజలు నోట్లో వేసుకుంది, నమిలింది, మింగింది. తల ఊపలేదు.

“చేదుగా ఉంది” అంది.

మిసావో మళ్ళీ వాసన చూసింది, మళ్ళీ కలిపి చూసింది. ఏ తప్పూ లేదు. బయట జనం గొంతులు వినిపిస్తున్నాయి. నిన్నమొన్నటిదాకా నత్తో ముట్టని ఒసాకా పిల్ల మాట పట్టుకుని ఇంత సరుకు పారబోయాలా? చాప్‌స్టిక్స్ తీసుకుని ఒక గింజ పట్టుకుంది. మూడు కూడా కాదు, ఒక్కటి. గింజ పెదవులదాకా వచ్చింది.  కనాయె గోడకు ఆనుకుని, పాలిపోయిన మొహంతో చూస్తూ నిలబడింది.

రుచి చూస్తే ఏమవుతుంది అన్న మాటే తనను ఒకసారి మంచమెక్కించింది. మిసావో గింజను తిరిగి పొత్తులో పెట్టేసింది. 

“ఎలాంటి చేదు? సరిగ్గా చెప్పు.”

కనాయె కళ్ళు మూసుకుంది. “నమిలేటప్పుడు లేదు అత్తయ్యా. మింగాక నాలుక వెనకనుంచి వస్తోంది. మాడిన టీ ఆకులా.”

మిసావోకు ఆ చేదు తెలుసు. అత్తగారు బతికున్న రోజుల్లో, గదిలో వేడి ఎక్కువైన ఒక పొద్దున, తన నాలుక మీద సరిగ్గా అక్కడే తగిలింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, కనాయెకూ చెప్పలేదు.

 మిసావో నడుముకు కట్టుకున్న గుడ్డ సవరించుకుని, వీధి తలుపు తీసి, వరసలో ఉన్నవాళ్ళందరికీ నడుం వంచి దండం పెట్టింది.

“ఇవాళ లేదు. మా కోడలికి నచ్చలేదు.”