ఓవర్‌టేక్ చేయని టాక్సీ

ఈ రోజు పెద్దమ్మను ఇక్కడ ఫిజీలో లౌటోకా నుంచి రాకిరాకి తీసుకెళ్లాను. ఆవిడ ఒళ్లో పాత వాక్‌మన్, అందులో ఎప్పుడో పోయిన మా తాత పాడిన తెలుగు భజనల క్యాసెట్. అది కారు స్పీకర్లలో వినాలని ఆవిడ పట్టు.

కారు జపాన్ నుంచి దిగిన సెకండ్‌హ్యాండ్‌ది. వాక్‌మన్ వైరు పెట్టే చోటే లేదు. వాక్‌మన్‌కు చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తగిలించి, పాటను కారు రేడియోలో పట్టుకోవాలని చూశాను. అరగంట సేపు గరగరమనడం తప్ప ఏమీ లేదు. జపాన్ కార్ల రేడియోలో ఎఫ్ఎం తొంభై మెగాహెర్ట్జ్ దాటదని అప్పుడు గుర్తొచ్చింది. ట్రాన్స్‌మిటర్‌నూ రేడియోనూ ఎనభై ఎనిమిదికి తిప్పాను. తాత పాట అందుకున్నాడు.

బా ఊరు చేరకముందే చెరకు రైలు అడ్డొచ్చింది. పక్కన ఆగిన టాక్సీలోంచీ తాత గొంతే! అతనిదీ జపాన్ కారే, స్టేషన్లు తిప్పుతూ మా పాట దగ్గర ఆగాడట.

"భయ్యా, ఈ కౌన్ స్టేషన్ హై? మా ఆజీ, అదే మా నానమ్మ, ఇట్లే పాడేది," అన్నాడు డ్రైవరు.

"స్టేషన్ కాదు బేటా, మా నాయన," అంది పెద్దమ్మ.

రైలు వెళ్లిపోయింది. ట్రాన్స్‌మిటర్ పాట పది అడుగులు దాటదు. అందుకని అతను మా బంపర్‌కు అంటుకునే వచ్చాడు. రోడ్డు ఖాళీగా ఉన్నా ముందుకు పోలేదు. ఫిజీలో ఇలాంటి టాక్సీని మీలో ఎవరైనా చూశారా?

క్యాసెట్ ఒక వైపు అయిపోయింది. అతను ఒక్కసారి హారన్ కొట్టి దూసుకుపోయాడు.

"ఆగమను, రెండో వైపు ఉంది," అంది పెద్దమ్మ.