షెడ్డు వెనక తవ్విన గుంత

“అక్కా, నన్ను మా ఇంటాయన పక్కపొంటి పెట్టియ్యాలె. మీ షెడ్డెనుక వద్దు.”

“పెట్టిపిస్త చెల్లె. ముందుగాల ఈ జావ తాగు.”

ఎర్రమ్మకూ నాకూ నడుమ చివరి మాటలు ఇవే. ఆ జ్వరంలోనే జావ సగం తాగి గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి నేను వెళ్లేసరికి ప్రాణం లేదు.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో సంగతి ఇది. కొత్తగూడ అడవిలో ఒక కోయగూడెం. నేను జనగామ సంఘం అక్కడికి పంపిన బైబిల్ ఉమన్‌ని. అంటే పాస్టరును కాను. ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ల పక్కన కూర్చుని ప్రార్థన చేసి, జ్వరమొస్తే దవాఖానకు తోడు పోయే మనిషిని. నా భర్త పత్తి మార్కెట్లో హమాలీ. ఆయన పోయాక ఈ పని దొరికింది. నాకు చదువు సంతకం వరకే. వాక్యాలన్నీ విని పట్టుకున్నవే. ఇదీ నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

గూడెంలో సంఘం మొదలుపెట్టింది కొరియా దేశం నుంచి వచ్చిన మిషనరీ అమ్మగారు. జనగామలో ఉండి, జీపులో వచ్చిపోయేది. పుస్తకాల్లో తెలుగు నేర్చుకుంది. “దయచేసి ఆసీనులు కండి” అంటే ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు.

“సినిమాల రాజుగారి లెక్క మాట్లాడుతది గీమె,” అని ఎర్రమ్మే అందరికంటే ఎక్కువ నవ్వేది.

అట్లా నవ్విన ఎర్రమ్మే మొదట బాప్తిస్మం తీసుకుంది. ఆమెను చూసి మరి కొన్ని ఇళ్లవాళ్లు వచ్చారు. రేకుల షెడ్డు లేచింది. దాని వెనక జాగాకు అమ్మగారు సమాధుల కోసమని కంచె వేయించింది. మనవాళ్ల సమాధి ఒకటి ఉంటే సంఘం ఆ నేలలో వేరు పట్టినట్టే అనేది. అప్పటికి అక్కడ ఎవరినీ పూడ్చలేదు.

ఎర్రమ్మ భర్త అంతకు చాలా ముందే పోయాడు. ఆ ఇంటివాళ్లు పూడ్చిపెట్టి తలాపున రాయి నిలబెడతారు. ఆయన రాయి వాగు అవతల, వాళ్ల తాతముత్తాతల రాళ్ల వరుసలో ఉంది. ఎర్రమ్మకు కావలసింది దాని పక్కన ఆరడుగుల నేల.

ఆమె మరిది ముత్తయ్యను అడిగాను. గూడెం పెద్దల్లో అతనొకడు.

“నీళ్లల్ల మునిగిన్నాడే మా వదినె ఇంటి వేలుపును ఇడిసింది,” అన్నాడు. వేలుపు అంటే వాళ్ల వంశపు దేవత. “వేలుపు లేని మనిషిని మా పెద్దల నడుమ ఎట్ల పండవెడ్తం, జనగామక్కా?”

“ఆఖరికి అడిగింది గదొక్కటే ముత్తన్నా. జర ఆలోచన జెయ్యి.”

మిగతా పెద్దలతో మాట్లాడి వచ్చాడు. “ఒక్క తొవ్వ ఉంది. వేలుపు నీళ్లు జల్లి మల్ల ఇంట్ల కలుపుకుని, మా అన్న పక్కపొంటే పండవెడ్తం. మెడల సిలువ తియ్యాలె. మీ పాటలు వద్దు. మీరెవ్వలు వాగు దాటొద్దు.”

అంతలో అమ్మగారి జీపు వచ్చింది. కబురందగానే బయలుదేరినట్టుంది, జుట్టు కూడా సరిగ్గా కట్టుకోలేదు. సంఘం మగవాళ్లు అప్పటికే షెడ్డు వెనక గుంత తవ్వుతున్నారు. ముత్తయ్య అన్నది చెప్పాను.

“సిస్టర్, ఆమె ప్రభువు బిడ్డ. మరణించిన తరువాత వెనుకకు ఇచ్చివేయుదుమా?” అంది. గుంత వైపు చూస్తూ, “మా అమ్మమ్మ, మా దేశమున పితరులకు భోజనము పెట్టు బల్ల యెదుట మొక్కలేదు. గృహము నుండి వెళ్లగొట్టిరి. మంచులో నడచెను. వెనుకకు తిరుగలేదు” అంది.

అంతవరకూ ఆమెది పట్టుదల అనుకున్నాను. అది వాళ్ల ఇంటి పాత దెబ్బ అని అప్పుడు తెలిసింది.

“అమ్మగారూ, మీ అమ్మమ్మ తన కాళ్లతోని నడిచిపోయింది. గీమె ఎటు మోస్తే అటు పోతది. నోరున్నప్పుడు చెప్పిన మాట నా దగ్గరుంది.”

“అది జ్వరములో పలికిన మాట.”

“జ్వరంల నీళ్లడిగితే ఇయ్యమా?”

ఆమె షెడ్డులోకి వెళ్లి కూర్చుంది. సంఘం వాళ్లందరూ నా ముఖం చూశారు. నేను ఎర్రమ్మ తల ఎత్తి, నల్లదారానికి ఉన్న చిన్న సిలువను నా చేతులతోనే తీశాను. “తీస్కపోన్రి” అన్నాను.

వాగు దాకా వెళ్లి ఆగిపోయాను. అవతల డోలు వినిపించింది. వెనక్కి వస్తే షెడ్డులో అమ్మగారు ఒక్కతే తన భాషలో సమాధి పాట పాడుతోంది. మగవాళ్లు ఒట్టి గుంతను పూడుస్తున్నారు.

ఆ వారం నుంచే రెండిళ్ల వాళ్లు షెడ్డుకు రావడం మానేశారు. “సచ్చినంక మల్ల ఇచ్చుడే అయితే మునుగుడెందుకు?” అని ఒకావిడ ముఖం మీదే అడిగింది. నన్ను ఆ గూడెం పని నుంచి తప్పించి భూపాలపల్లి వైపు ఊళ్లకు పంపారు. వీసా అయిపోయి అమ్మగారు వాళ్ల దేశం పోతూ నా చేయి పట్టుకుని, “నిన్ను క్షమించితిని సిస్టర్” అంది. క్షమాపణ నేనడగలేదు. అయినా చేయి విడిపించుకోలేదు.

చాన్నాళ్లకు మహబూబాబాద్ బస్టాండులో ముత్తయ్య కనిపించాడు. చాయ్ తాగించాడు.

“రాయి నిలవెట్టిన్రా?”

“నిలవెట్టినం.”

“ఆయన పక్కపొంటేనా?”

గ్లాసు కింద పెట్టాడు. “పెద్దలు అప్పుడే ఒప్పలే అక్కా. వరుసల కాదు. జర దూరంగ, ఒంటిగ ఉన్నది.”

“మరి నాకట్ల ఎందుకు జెప్పినవ్ ముత్తన్నా?”

“నిజం జెప్తే ఇయ్యకపోదువు. మా వదినె మీ కంచెల ఉండుడు నా పాణానికి ఒప్పలే.”

ఆమెను ఎవరూ వదులుకోలేదు. ఎవరూ ఆమె అడిగిన చోట పెట్టలేదు.

మంచం మీదున్న మనిషి ఏదడిగినా “చేయిస్త” అనడం మా పనిలో అందరికీ అలవాటు. అది ప్రార్థనంత తేలిగ్గా వస్తుంది. నేల మాది కాదు, ఊరు మాది కాదు, దాని మీద మాటిచ్చే హక్కు మాకు లేదు. ఇప్పుడు నేను “అడిగి చూస్త చెల్లె, ఒప్పుకుంటరో లేదో” అంటున్నాను. విన్నవాళ్ల కళ్లలో వెలుగు ఆరిపోతుంది. అయినా అంతే అంటున్నాను.

ఇంతే బిడ్డా, ఇగ ఆపు. మొదటికెల్లి ఒకసారి సదివి ఇనిపియ్యి. అమ్మగారి మీద గాని, ముత్తన్న మీద గాని ఏడన్న కోపంగ వడ్డదేమో సూద్దాం.