కరుణ మేడమ్ నమ్మని నడక

శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందున్న పెద్దావిడ ద్వారం దాటగానే అది కుయ్యిమని మోగింది. చేతి యంత్రం ఆమె తుంటి దగ్గర పెడితే మళ్ళీ అదే మోత. "లోపల ఇనుప కీలున్నది బిడ్డా, భయపడకు" అని ఆమే ఆ తనిఖీ అమ్మాయికి ధైర్యం చెప్పింది. అవతలికి వచ్చాక ఉండబట్టలేక, "కాలు ఎట్లుందమ్మా?" అని అడిగాను. "మస్తుగున్నది!" అంది. చెవులు ఆ మాట విన్నాయి గాని, కళ్ళు ఆమె చెప్పుల మీదికి పోయాయి. ఈ పాడు అలవాటు నాకు కరుణ మేడమ్ అంటించింది.

మేడమ్ ఎముకల డాక్టరు. నేను ఆమె దగ్గర ఫిజియోథెరపిస్టుని. మా చిన్న ఆసుపత్రి విమానాశ్రయం దారిలోనే ఉండేది. పాడైన తుంటి తీసి కొత్త కీలు వేయడం ఒక ఎత్తు, ఏళ్ళు గడిచాక అది ఎలా ఉందో చూడటం ఇంకో ఎత్తు. ఈ రెండో పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అనుమానం పెనుభూతం అంటారు గదా, మా మేడమ్ ఆ భూతానికి రోజూ అన్నం పెట్టి సాకేది. ఆమె మహేశ్వరం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఆ యాసే. "నొస్తున్నదన్నోళ్ళతోని నాకు పరేషాన్ లేదు లావణ్యా. మంచిగున్న అన్నోళ్ళతోనే భయం" అనేది.

కొత్వాల్‌గూడ యాదమ్మ మేడమ్ చేతి మీద కీలు వేయించుకున్న పాతవాళ్ళలో ఒకతె. ఏటా పరీక్షకు మంచి చీర కట్టుకుని వచ్చి, చకచకా నడిచి చూపించేది. ఎక్స్‌రే తీద్దామంటే "మంచిగున్న కాలుకు ఫొటో ఎందుకమ్మా" అని నవ్వేసేది. ఎంత అనుమానమున్నా, ఆ నడక చూసి మేడమ్ కూడా ఊరుకునేది. ఆమె నడక చూసి యాజమాన్యం ముచ్చటపడి, రోడ్డు మీద పెద్ద బోర్డుకి ఆమె బొమ్మ ఎక్కిద్దామంది. అందరం సంబరపడ్డాం. మేడమ్ మాత్రం గది బయట యాదమ్మ విడిచిన చెప్పులు తిరగేసి చూస్తోంది. ఒక చెప్పు ఒక పక్కకే అరిగిపోయి ఉంది, కుంటేవాళ్ళ చెప్పులా. "ఇగ బోర్డు గీర్డు ఏం వద్దు" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజుల్లోనే వేరే కంపెనీ మనిషి ఒకడు కొత్త రకం కీలు పట్టుకుని మేడమ్ గది చుట్టూ తెగ తిరుగుతున్నాడు. పాతదానికి పేరు చెడగొట్టి కొత్తది తెచ్చే ఎత్తు కాదు గదా? మొహం మీదే అడిగేశాను. మేడమ్‌కి కోపం రాలేదు. "మంచి అనుమానమే, ఇడువకు. నన్ను సుత కనిపెట్టుకుంట ఉండు. కాని ఒక్కటి ఇను. కీలు అరుగుతుంటే చుట్టూ ఎముక సప్పుడు లేకుంట కరుగుతది. ఆలస్యమైతే ఇంకో కీలు నిలబెట్టనీకి జాగ ఉండది. యాదమ్మ మంచాన పడ్డంక బోర్డు మీద నడిస్తే ఏం ఫాయిదా?"

మర్నాడే చెప్పాపెట్టకుండా కొత్వాల్‌గూడ వెళ్ళాం. యాదమ్మ ఇంట్లో మంచం దగ్గర్నుంచి స్నానాల గది దాకా గోడ మీద నడుమెత్తున నల్లటి జిడ్డు చార ఉంది. చెయ్యి ఆనించి ఆనించి నడిస్తే పడిన మరక. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక, యాదమ్మ మంచం పట్టె పట్టుకుంది.

"ఇయ్యాల గోలీ ఏసుకోలే గద?" అంది మేడమ్ మెల్లగా.

యాదమ్మ తల దించుకుంది. "నువ్వు చేసిన కాలు గద డాక్టరమ్మా. అందరి ముందర కుంటితే నీకు నామోషి గాదా? అందుకే దవాఖానకు వచ్చేటప్పుడు నొప్పి గోలీలు మింగి వస్తుంటి."

ఈమె ఒక్కతేనా? మా ముందు చకచకా నడిచి దండం పెట్టి వెళ్ళినవాళ్ళలో ఇంకెంతమంది ఇలా మింగి వచ్చారో!

ఎక్స్‌రే తీశాం. కీలు గిన్నెలోని ప్లాస్టిక్ పొర అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న ఎముకను తినేసింది. మేడమ్ ఇప్పుడు నెపమంతా ఆ పాత కీలు చేసిన కంపెనీ మీదికి తోసేస్తుందేమో అని నేను కనిపెడుతూనే ఉన్నాను. ఆమె యాదమ్మ పక్కన కూర్చుంది. "కీలు ఏసింది నేనే. ఫొటో తియ్యకుంట మంచిగున్నదని చెప్పింది నేనే. తప్పు నాదే యాదమ్మా" అంది.

యాదమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ పేరు నిలబెడదామని నేను గోలీలు మింగితి. నువ్వేమో నీ పేరు నువ్వే ఖరాబ్ చేసుకుంటివి! గిదేందమ్మా?"

మళ్ళీ ఆపరేషన్ జరిగింది. యాదమ్మ మంచాన పడలేదు, కాని చేతికర్ర వదిలి నడవలేకపోయింది. ఆ తర్వాత మేడమ్ పాతవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది. కొందరు కసిరారు, కొందరు తలుపే తీయలేదు. అయినా ఎక్స్‌రే చూడందే ఎవరినీ బాగున్నారని ఒప్పుకోలేదు. పోయినేడు ఆమె పోయింది. ఆమెను అనుమానించినందుకు నాకు సిగ్గు లేదు, ఆమే నేర్పిన విద్య అది. ఆమె లేదన్నదే నా బాధ.

ఇప్పుడు యాదమ్మ నా దగ్గరికే వస్తుంది. గుమ్మంలోంచే అందుకుంటుంది: "మెట్లెక్కితే గుంజుతున్నది, కింద కూసోనొస్తలేదు, ఏం డాక్టర్లే మీరు!" పక్కన కూర్చున్నవాళ్ళు నొచ్చుకుంటారు. నాకు మాత్రం ప్రాణం కుదుటపడుతుంది. ఎవరైనా చకచకా నడిచొచ్చి, రెండు చేతులూ జోడించి, "మీ దయ, మస్తుగున్న" అన్నారా, ఆ పూట నాకు అన్నం సయించదు.