ఊపిరి తీసుకోని పాట

ఈ రోజు సాయంత్రం గోదావరిఖని చౌరస్తాలో యూనియన్ ఎన్నికల ప్రచార ఆటో ఒకటి ఆగింది. మైకులో మా వీధి ఓదెలు కాక గొంతు. ముప్పై ఏళ్లుగా కార్మికుల సభల్లో పాడి బతికిన మనిషి. ఈ పాట మాత్రం ఆయన ఎన్నడూ పాడనిది, జీవితమంతా ఎదిరించిన యూనియన్‌ది.

బస్సు దిగుతూనే కాక అది విన్నాడు. రాయి తీసుకుని మైకు రేకు చీలేదాకా కొట్టాడు. ఆటో డ్రైవర్ ఆయన కాలర్ పట్టి మూతి మీద గుద్దాడు.

“ఇది నేను పాడలేదురా. నా పాత పాటలు కంప్యూటర్ల ఏసి నా గొంతు తయారు చేసిండ్రు,” అన్నాడు కాక, నెత్తురు ఉమ్ముతూ.

“అమ్ముడువోయి గిప్పుడు కథలు చెప్తున్నవా? ఏదీ పాడు, సూద్దాం,” అన్నాడు డ్రైవర్.

చీలిన పెదవితోనే పాడాడు. గొంతు బొంగురుపోయింది. ప్రతి చరణానికీ ఆగి ఊపిరి తీసుకున్నాడు.

“ఇదేం గొంతే కాకా? ఆటోలదే అసలుది,” అని చుట్టూ మూగిన గుంపు నవ్వింది. ఎవరో వెనక నుంచి తన్నితే మోకాళ్ల మీద పడ్డాడు.

ఆటోలోని గొంతు పాట మొత్తంలో ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు. అది గమనించి కూడా నేను లైబ్రరీ పుస్తకం గుండెకు హత్తుకుని నిలబడ్డాను. నా ధైర్యమంతా ఇంటికొచ్చి ఈ పోస్టు టైపు చేయడానికే సరిపోయింది.

ఆయన పాట ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు కింద రాయండి. ఓదెలు కాక ఊపిరి తీసుకోకుండా ఎప్పుడైనా పాడాడా?